నెట్ నడిచిన నెలకే సొమ్ము చెల్లించాలి

సంపాదకులు గారికి,

నమస్కారములు.

రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్ ద్వారా పౌరసేవలను ప్రారంభించింది. ధ్రువపత్రాలకో, బిల్లుల చెల్లింపుకో కార్యాలయాల చుట్టూ తిరిగే పని తప్పుతుందన్న మాట నెల్లూరులోనో ఒంగోలులోనో ఉన్నవారికి అక్షరాలా నిజం. ఉదయగిరి దాటి సీతారామపురం వైపు, పామూరు దాటి సి.ఎస్.పురం వైపు, దోర్నాల దాటి నల్లమల అంచు గూడేల వైపు వెళ్లేకొద్దీ అందులో నిజం పలుచబడుతూ వస్తుంది. సేవలన్నీ ఫోనులోకి వెళ్లిపోతున్న కాలంలో నెట్ అందని ఊరు వెనకటికంటే ఎక్కువ నష్టపోతుంది; ఎందుకంటే పాత పద్ధతిలో కాగితం పట్టుకుని వెళితే పని చేసిపెట్టే గుమాస్తా కూడా ఇప్పుడు ‘ఆన్‌లైన్‌లో పెట్టుకోండి’ అని పంపేస్తున్నాడు.

ఉపాధి హామీ పనుల సంగతి చూడండి. 2023 జనవరి 1 నుంచి హాజరును యాప్‌లోనే, రోజుకు రెండు పూటలా కూలీల ఫోటోతో నమోదు చేయాలని నిబంధన పెట్టారు. మా వైపు చెరువులో పూడిక తీసేచోట ఫోటో తీయడం వరకు ఇబ్బంది లేదు. అది పైకి చేరాలంటే మాత్రం ఫీల్డ్ అసిస్టెంటు కట్ట ఎక్కి, తూము దగ్గర నిలబడి, ఫోను తలకంటే ఎత్తున పట్టుకుని సిగ్నల్ కోసం చూడాలి. అక్కడా చక్రం తిరుగుతూనే ఉంటే సాయంత్రం బండి వేసుకుని మెయిన్ రోడ్డుకు రావాలి. హాజరు ఎక్కకపోతే ఎండలో మట్టి మోసిన మనిషికి ఆ రోజు కూలి గాలిలో దీపమే.

ప్రైవేటు కంపెనీలు పల్లెలంటే చిన్నచూపుతో రావడం లేదని చాలామంది అంటారు. నా ఉద్దేశంలో చిన్నచూపు కాదు, గిట్టుబాటు లేకపోవడమే కారణం. నూట యాభై గడపలున్న ఒక మెట్ట ఊరిని తీసుకుని, అందులో నలభై ఇళ్లవారు నెలకు 300 రూపాయలు కట్టడానికి ముందుకు వచ్చారనుకుందాం. వచ్చేది 12,000. అందులోనే పైనుంచి బ్యాండ్‌విడ్త్ కొనాలి, కరెంటు స్తంభాలకు అద్దె కట్టాలి, బ్యాటరీలు మార్చాలి, తీగ తెగితే అతికే కుర్రాడికి జీతం ఇవ్వాలి. మండల కేంద్రం నుంచి పది, పన్నెండు కిలోమీటర్లు ఫైబర్ లాగిన పెట్టుబడి మీద వడ్డీ మాట ఎత్తనే అక్కర్లేదు. అదే నలభై కనెక్షన్లు నెల్లూరులో ఒక్క అపార్టుమెంటులో, వంద మీటర్ల తీగతో దొరుకుతాయి. పైగా మెట్ట రైతు చేతిలో డబ్బు ఆడేది పొగాకు అమ్మిన నెలల్లోనో, బత్తాయి కోసిన నెలల్లోనో. మిగతా కాలంలో నెలనెలా రీచార్జి అతనికి భారమే. పట్నం జీతగాళ్ల కోసం తయారుచేసిన నెలవారీ ప్లానులు పల్లెలో ఎందుకు నిలవడం లేదో ఎవరూ పెద్దగా ఆలోచించినట్లు లేదు.

గిట్టని చోటికి వ్యాపారిని రప్పించడం మన దేశానికి కొత్త విద్యేమీ కాదు. టెలికాం శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఈ ముక్క కాస్త వివరంగా చెప్పాలనిపిస్తోంది. 1984లో ఏర్పడిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సి-డాట్, ఏసీ గదులు అక్కర్లేని 128 లైన్ల చిన్న గ్రామీణ ఎక్స్ఛేంజిని తయారుచేయగా, దాన్ని మొదట 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. ఆ ఎక్స్ఛేంజిలతో పాటు పల్లెలకు ఫోనును నిజంగా చేరువ చేసింది కమీషన్ మీద నడిచిన పసుపు బోర్డు ఎస్టీడీ బూత్. బూత్ నడిపేవాడికి జీతం లేదు; మాట్లాడిన ప్రతి కాల్ మీద కొంత వాటా ఉండేది, అంతే. ఫోను మూగబోయిన రోజు అతనికి ఆదాయం సున్నా. అందుకే లైను పోయిన గంటలోపే సైకిల్ తొక్కుకుంటూ వచ్చి మా ఎక్స్ఛేంజి గుమ్మంలో కూర్చునేవాడు, బాగుచేసేదాకా కదిలేవాడు కాదు. అతని కడుపూ, ఊరి అవసరమూ ఒకే తీగకు కట్టి ఉండటం వల్లే ఆ పద్ధతి పనిచేసింది.

ఇప్పటి పథకాలలో కొరవడింది సరిగ్గా అదే. గ్రామీణ టెలికాం కోసం సార్వత్రిక సేవా నిధి 2002 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. కంపెనీలు తమ సవరించిన స్థూల ఆదాయంలో లైసెన్సు ఫీజుగా కట్టే 8 శాతంలో 5 శాతం ఈ నిధి కిందకే వస్తుంది. అంటే మనం చేయించుకునే ప్రతి రీచార్జిలో ఏ సిగ్నలూ లేని ఊరి వాటా ఒకటి ఉన్నట్లే. మొత్తం మీద చూస్తే వసూలైన దానికంటే ఖర్చయింది తక్కువ. 2023 టెలికాం చట్టం కింద దీని పేరు డిజిటల్ భారత్ నిధిగా మారింది. ఖర్చయినదానిలో పెద్ద వాటా భారత్‌నెట్‌కు వెళ్లింది. 2011లో జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌గా మొదలైన ఆ పథకం దేశంలోని రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఫైబర్ చేర్చాలని పెట్టుకున్న గురి మంచిదే. కాకపోతే ఎన్ని కిలోమీటర్లు తవ్వారు, ఎన్ని పంచాయతీల్లో నెట్ పరికరాల పెట్టె బిగించారు అన్నదే ప్రగతికి కొలబద్ద అయింది. బిగించిన పెట్టె మరుసటి నెల వెలుగుతోందా లేదా అన్నదానితో గుత్తేదారు బిల్లుకు ముడి సరిగా పడలేదు.

మా పక్క మండలంలోని ఒక కార్యాలయంలో అలాంటి పెట్టెను దగ్గరగా చూశాను. గోడకు ఇనుప రాక్, దానికి తాళం, లోపల యూపీఎస్ మీద వేలితో పేరు రాయదగినంత దుమ్ము. బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో అక్కడెవరికీ తెలియదు. సిబ్బంది తమ సొంత ఫోన్ల హాట్‌స్పాట్‌తో, కిటికీ పక్క బల్ల జరుపుకుని పని నడిపిస్తున్నారు. ఇందులో ఆ సిబ్బందిని తప్పుపట్టడానికేమీ లేదు, ఆ పెట్టె వెలిగితే లాభపడే మనిషి అక్కడ ఒక్కడూ లేడు మరి.

2023 ఆగస్టులో కేంద్రం 1,39,579 కోట్ల రూపాయలతో ఆమోదించిన సవరించిన భారత్‌నెట్‌లో పదేళ్ల నిర్వహణను కూడా చేర్చారు. ఒకచోట తెగినా మరోవైపు నుంచి నడిచేలా తీగను వలయంగా వేయాలన్నారు. ‘భారత్‌నెట్ ఉద్యమి’ పేరుతో స్థానిక యువకులకు ఆదాయంలో వాటా ఇచ్చే పద్ధతీ వచ్చింది. ఇవి సరైన దిశలో పడిన అడుగులే.

మన రాష్ట్రం అంతకుముందే వేరే దారి పట్టింది. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, ఊళ్లోని కేబుల్ ఆపరేటర్ల చేత ఇంటింటికీ చేర్చిన ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. 149 రూపాయలకే టీవీ, నెట్, ఫోను మూడూ అనడంతో జనం ఎగబడ్డారు. తక్కువ ఖర్చుతో తీగ వేయడంలో ఆ ఆలోచనకు వంక పెట్టలేం. ఎటొచ్చీ ధరను అంత కిందికి దించినప్పుడు, ఊరి చివర నాలుగు ఇళ్ల కోసం గాలివానకు తెగిన తీగను వెతుక్కుంటూ వెళ్లే కేబుల్ ఆపరేటరుకు మిగిలేది ఎంత అన్న ప్రశ్న వెనక్కి పోయింది. వినియోగదారుడికి చౌకగా ఇవ్వడం, నడిపేవాడికి గిట్టించడం రెండూ జరగాలంటే ఆ మధ్య తేడాను ఎవరో భరించాలి. నిధి ఉన్నది అందుకే.

నా సూచన ఇది. నెట్ సరిగా అందని ఊళ్లను విడివిడిగా కాక, కొన్ని మండలాలను కలిపి ఒక మూటగా కట్టి, ‘ఇక్కడ ఇంత వేగంతో ఇన్నేళ్లు నెట్ నడపడానికి ప్రభుత్వం నుంచి మీకు కనీసం ఎంత కావాలి’ అని వేలం వేయాలి. తక్కువ అడిగినవారికి పని అప్పగించాలి. పొగాకు వేలం కేంద్రమున్న కలిగిరిని కొండాపురం, వరికుంటపాడు శివారు పల్లెలతోనూ, కనిగిరిని వెలిగండ్ల, సి.ఎస్.పురం పల్లెలతోనూ కలిపితే, డబ్బు కట్టగల ఊరి లాభం కట్టలేని ఊరికి కొంత ఆసరా అవుతుంది. చిలీ దేశం 1990లలో గ్రామీణ పబ్లిక్ ఫోన్లకు ఇలాంటి వేలమే పెడితే, కొన్నిచోట్ల కంపెనీలు పైసా సబ్సిడీ అడగకుండానే ముందుకు వచ్చాయి. జర్మనీ 2010లో స్పెక్ట్రమ్ (సిగ్నళ్లు నడిచే రేడియో తరంగాలు) వేలం వేసినప్పుడు, 800 మెగాహెర్ట్జ్ తరంగాలు పొందినవారు ముందు చిన్న ఊళ్లకు నెట్ ఇచ్చి ఆ తరువాతే పెద్ద నగరాలకు వెళ్లాలని షరతు పెట్టింది.

అయితే వేలం పాటకు ఒక చెడ్డ గుణం ఉంది. చేతకానివాడు కూడా తక్కువకు పాడేయగలడు. అమెరికాలో 2020 చివర జరిగిన గ్రామీణ బ్రాడ్‌బ్యాండ్ వేలంలో 920 కోట్ల డాలర్ల మేర సబ్సిడీ ఖరారైంది. తీరా చూస్తే పాడినవారిలో చాలామంది చేతులెత్తేశారు, కొందరిని అక్కడి కమ్యూనికేషన్ల కమిషనే 2022లో తోసిపుచ్చింది. అందుకని ముందుగా ఇచ్చే సొమ్ము కొద్దిగానే ఉండాలి. మిగిలినదంతా కనెక్షన్ నడిచిన నెలల లెక్కన, మూడు నెలలకోసారి చెల్లించాలి. నడిచిందా లేదా అన్నది అధికారి సంతకంతో కాక, ఇంట్లో పెట్టిన పరికరమే ఎక్స్ఛేంజికి పంపే సమాచారంతో తేలాలి. ఆ సాంకేతికత ఇప్పటికే ఉంది, కొత్తగా కనిపెట్టవలసిందేమీ లేదు. పాటలో పాల్గొనడానికి వందల కోట్ల టర్నోవరు చూపాలనే నిబంధన మాత్రం పెట్టకూడదు. పెడితే పెద్ద కంపెనీ పాడుకుని సబ్ కాంట్రాక్టుకు ఇస్తుంది, చివరికి తీగ అతికే మన కేబుల్ ఆపరేటరుకు మళ్లీ చిల్లరే మిగులుతుంది.

కట్టేవారి వైపు నుంచీ కొంత చేయవచ్చు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2021 ఆగస్టులో, గ్రామీణ ఫిక్స్‌డ్ బ్రాడ్‌బ్యాండ్ చందాదారులకు నెలసరి చార్జీలో సగం, 200 రూపాయలకు మించకుండా, నేరుగా ఖాతాలో జమచేసి ప్రయోగాత్మకంగా చూడాలని సిఫారసు చేసింది. నేను పైన చెప్పిన మెట్ట ఊరిలో నలభై ఇళ్లు డెబ్బై కావడానికి అది చాలు. ఇంటికి కనెక్షన్ పెట్టుకోలేనివారికి పీఎం-వాణి ఉంది. 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన ఈ పద్ధతిలో టీ బంకు, కిరాణా కొట్టు ఎవరైనా లైసెన్సు లేకుండా, ఫీజు లేకుండా వైఫై అమ్ముకోవచ్చు. ఆ కొట్టువాడికి కంపెనీలు పెద్ద సంస్థలకిచ్చే ఖరీదైన లీజు లైను అంటగట్టడంతో అది కుంటుపడింది. 2025 జూన్‌లో ట్రాయ్, మామూలు ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ధరకు రెట్టింపు కంటే ఎక్కువ వసూలు చేయకూడదని హద్దు గీసింది. ఈ సంగతి మన ఊళ్లలో కొట్టువాళ్లకు చెప్పినవారెవరూ లేరు. పొదుపు సంఘాల ద్వారా చెప్పించవచ్చు.

స్తంభాల గొడవ ఒకటుంది. నెల్లూరుకు తిరుపతి కేంద్రంగా ఉన్న డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ), పామూరు వైపుకు విజయవాడ కేంద్రంగా ఉన్న డిస్కం. వరికుంటపాడు నుంచి పామూరుకు తీగ లాగాలంటే రెండు చోట్లా అర్జీ పెట్టాలి. 2025 జనవరి 1 నుంచి తీగలు వేసే దారి హక్కు మీద కొత్త రైట్ ఆఫ్ వే నిబంధనలు అమలులోకి వచ్చాయి కాబట్టి, ఇలాంటి మూటల పరిధిలో అయిదేళ్లు స్తంభాల అద్దె వదిలేయమనడం గొంతెమ్మ కోరిక కాదు. దానితో పాటు సచివాలయం, బడి, ఆరోగ్య కేంద్రం తమ నెట్ బిల్లును నెలనెలా కట్టాలి. ఊరికి మొదటి ఖాతాదారు ప్రభుత్వమే. మొండి బాకీల్లో మొదటి పేరూ దానిదే అయితే చిన్న ఆపరేటరు నిలదొక్కుకోలేడు.

నల్లమలలోని చెంచు గూడేలకు పైన చెప్పినవేవీ చాలవు. అటవీ అనుమతులు, కరెంటు, ఇళ్ల సంఖ్య అన్నీ అడ్డమే. అక్కడికి ఉపగ్రహ నెట్ తగినది. 2025 మేలో ట్రాయ్ ఆ సేవలకు స్పెక్ట్రమ్ రుసుము సిఫారసు చేస్తూ, పట్టణ చందాదారుకు ఏడాదికి అదనంగా 500 రూపాయలు వేసి పల్లె చందాదారును మినహాయించింది. కంపెనీ చూపును పల్లెవైపు తిప్పడానికి ఇదొక మంచి కిటుకు. ధర మాత్రం గూడెం మనిషి మోయలేడు కాబట్టి, గూడేనికి ఒక ఉమ్మడి కనెక్షన్ చొప్పున నిధి నుంచి పూర్తిగా భరించాలి.

ప్రజాధనం ప్రైవేటువారికి ఎందుకివ్వాలని అడిగేవారు ఉంటారు. బీఎస్ఎన్ఎల్‌నూ పాడనివ్వండి, నా మనసు ఆ సంస్థ గెలవాలనే కోరుకుంటుంది. ఎవరు గెలిచినా షరతు ఒకటే అయితే చాలు. కేంద్ర కమ్యూనికేషన్ల సహాయ మంత్రి పెమ్మసాని చంద్రశేఖర్ మన రాష్ట్రంవారే. మన ప్రాంత పార్లమెంటు సభ్యులు కలిసి ఆయనను అడిగి, ఉదయగిరి, కనిగిరి, యర్రగొండపాలెం నియోజకవర్గాల్లో ఒక్కొక్క మూట చొప్పున ఈ వేలాన్ని మొదలుపెట్టించాలని, వేలం షరతులు ఖరారు చేసే ముందు మండలాల్లో కేబుల్ ఆపరేటర్లను పిలిచి మాట్లాడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత టెలికాం ఉద్యోగి,
వింజమూరు.