మిడిల్ నేమ్ గడి నింపే ముందు ఒక్కసారి పిలిచి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మా పెద్దమ్మాయి లీనాకి తొమ్మిదేళ్లు. మొన్న పుస్తకాల మీద పేరు రాసుకుంటూ "అమ్మా, నా పేరు మధ్యలో ఆన్ ఎందుకుంది, అది ఎవరి పేరు?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. అది పుట్టినప్పుడు నింపిన ఫారంలో మిడిల్ నేమ్ అని ఒక గడి ఉంటే, చిన్నగా బావుంటుంది కదా అని అప్పటికప్పుడు ఆన్ అని రాసేశాం, అంతే. మొదటి పేరు కోసం నెలల తరబడి వెతికినవాళ్లం, రెండో పేరుకి రెండు నిమిషాలు కూడా పెట్టలేదు. ఇప్పుడు పేర్లు వెతుకుతున్నవాళ్లయినా అలా చేయకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు చెవి సంగతి. లీనా ఆన్ అని కాగితం మీద చక్కగానే ఉంటుంది, గబగబా పిలిస్తే మాత్రం లీనాన్ అయిపోతుంది. బళ్లో చదువుకున్న సవర్ణదీర్ఘ సంధి ఎవరూ పిలవకుండానే వచ్చేస్తుంది. కొత్తవాళ్లు చాలామంది దాన్ని ఒకే పేరు అనుకుని అలాగే రాసేస్తున్నారు కూడా. అమ్మాయిల పేర్లు చాలావరకు 'ఆ'తో ముగుస్తాయి, మాయా, సారా, నోరా, ఇలా. వాటి పక్కన 'అ', 'ఆ'లతో మొదలయ్యే పేరు పెట్టే ముందు పదిసార్లు గట్టిగా పలికి చూసుకోండి. హల్లుతోనూ ఇబ్బందే, గ్రేస్ స్టెల్లా అంటే మధ్యలో ఒక సకారం మింగుడు పడిపోతుంది. ఇక మాయా సారా లీనా అని పెడితే ఒక పిల్లని కాదు, ముగ్గురు పిల్లల్ని పిలిచినట్టు వినిపిస్తుంది. మొదటి పేరు పొడుగైతే రెండోది పొట్టిగా (ఎలిజబెత్ రోజ్, అలెగ్జాండ్రా గ్రేస్), మొదటిది పొట్టిదైతే రెండోది కాస్త సాగేలా ఉంటే నోటికి హాయిగా ఉంటుంది. రోజ్, గ్రేస్, మే లాంటివి అన్ని చోట్లా మిడిల్ నేమ్‌గా కనిపించడానికి ఇదీ ఒక కారణమే అనుకుంటాను.

కానీ నాకు చెవి కంటే పెద్ద విషయం ఇంకోటి ఉంది. రేపు ఆ పిల్ల ఆ రెండో పేరుతోనే బతకాలనుకోవచ్చు. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా 1993 నుంచి 2020 దాకా పనిచేసిన రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ అసలు పేరు జోన్ రూత్. క్లాసులో చాలామంది జోన్‌లు ఉన్నారని, కన్‌ఫ్యూజన్ లేకుండా రూత్ అని పిలవమని వాళ్లమ్మే టీచర్‌తో చెప్పారట, ప్రపంచానికి ఆ పేరే మిగిలింది. గాయని రిహానా కూడా అంతే, ఆమె మొదటి పేరు రాబిన్, రిహానా అన్నది మధ్యలో ఉన్న పేరు. ఆ పేర్లు ఏదో ఒకటిలే అని పెట్టినవైతే వాళ్లకి అక్కరకొచ్చేవా? అందుకే విడిగా పిలిచినా నిలబడే పేరు, ఎవరిదో ఒకరిది, చెప్పుకోవడానికి వెనకాల ఒక మాట ఉన్న పేరు పెట్టండి.

కాగితాల సంగతి కూడా చూసుకోండి. పాస్‌పోర్టులో మెషీన్ చదివే వరుసలో పేరు మొత్తానికి ఖాళీలతో కలిపి 39 అక్షరాలే చోటు, పైగా అందులో మిడిల్ నేమ్‌కి విడిగా గుర్తు లేదు, మొదటి పేరుతో కలిపే వేస్తారు. పేరు బాగా పొడుగైతే చివర తెగిపోతుంది. ఇనీషియల్స్ కూడా ఇంగ్లీషులో కలిపి చదవండి. పియా ఇసబెల్లా అందమైన పేరే, ఇంటిపేరు జీతో మొదలైతే మాత్రం మూడూ కలిసి పిగ్ అవుతుంది, పిల్లలు ఊరుకోరు.

చిన్నదాని పేరు నోరా కేథరిన్. కేథరిన్ మా అమ్మమ్మ. వారం రోజులు ఇంట్లో ఆ రెండు పేర్లూ కలిపి పిలిచి చూసి, ఆ తర్వాతే ఫారం నింపాం. లీనా ఇప్పుడు ఆన్ తీసేసి తనకి నచ్చిన పేరు పెట్టుకుంటానంటోంది. ఏం పెట్టుకున్నా ఒప్పుకుంటానని మాటిచ్చాను, పేర్ల జాబితా తనే రాసుకుంటోంది.

ఇట్లు,
ఇద్దరు ఆడపిల్లల తల్లి