ముందు పడవను చూద్దాం, ప్రతీకను తర్వాత చూద్దాం

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో లఘు యానిమేషన్ చిత్రాలలోని ప్రతీకల గురించి వచ్చిన వ్యాసాన్ని, ఆ తర్వాత దానిని ఆక్షేపిస్తూ ఇదే శీర్షికలో వచ్చిన లేఖను చదివాను. వ్యాసకర్త డచ్ దర్శకుడు మైకేల్ డుడోక్ డె విట్ 2000లో తీసిన ‘ఫాదర్ అండ్ డాటర్’ చిత్రాన్ని ఉదాహరణగా తీసుకుని, అందులో పడవ మరణానికి, నీరు కాలానికి, సైకిలు జీవితచక్రానికి, ఎండిపోయిన నేల పరలోకానికి ప్రతీకలని వరుసగా చెప్పుకుంటూ వెళ్లారు. ఆక్షేపించిన పాఠకులేమో ఇవన్నీ పిల్లల బొమ్మలనీ, ఎనిమిది నిమిషాల బొమ్మలో తత్త్వం వెతకడం పని లేనివారి పని అనీ తేల్చేశారు. బడిలో చాలాకాలం డ్రాయింగు నేర్పినవాణ్ని కనుక ఈ వాదంలో నాకూ కొంత ఆసక్తి ఉంది. ఇద్దరి వాదనలలోనూ నాకు కనిపించిన లోపం ఒక్కటే. తెర మీద ఏం జరుగుతుందో ఇద్దరిలో ఎవరూ పూర్తిగా చెప్పలేదు.

ఆ చిత్రం చూడని పాఠకుల కోసం కథ చెబుతాను. తండ్రీ, చిన్న కూతురూ చెరొక సైకిలు మీద నీటి ఒడ్డున ఉన్న ఎత్తైన గట్టు మీదికి వస్తారు. తండ్రి వీడ్కోలు చెప్పి, గట్టు దిగి పడవ దగ్గరకు వెళతాడు. అంతలోనే వెనక్కి పరుగెత్తుకొచ్చి కూతురిని ఎత్తుకుని గుండెకు హత్తుకుంటాడు. తర్వాత పడవెక్కి తెడ్డు వేసుకుంటూ కనుమరుగవుతాడు. ఎక్కడికి వెళ్లాడో, ఎందుకు వెళ్లాడో ఒక్క మాటలోనైనా చెప్పరు, ఎందుకంటే చిత్రంలో మాటలే లేవు. కూతురు ఏళ్ల తరబడి అదే గట్టుకు సైకిలు మీద వస్తూనే ఉంటుంది: చిన్నపిల్లగా, స్నేహితురాళ్లతో యువతిగా, భర్తా పిల్లలతో గృహిణిగా, చివరికి ఒంటరి ముసలమ్మగా. ఆ చివరిసారి ఆమె సైకిలును ఎంత నిలబెట్టినా పడిపోతుంది. ఒకటి రెండుసార్లు లేవనెత్తి చూసి, ఇక వదిలేసి కిందికి దిగుతుంది. ఒకనాడు నీళ్లున్న చోట ఇప్పుడు గడ్డి మొలిచి ఉంటుంది. అందులో నడుచుకుంటూ పోయి, సగం పూడుకుపోయిన పడవను చూసి, దానిలో ముడుచుకుని పడుకుంటుంది. లేచి పరుగెడుతూ ఉండగా వయసు తగ్గుతూ వచ్చి, నిలబడి ఉన్న తండ్రిని చేరుకుంటుంది.

ఇప్పుడు వ్యాసకర్తను ఒక్క ప్రశ్న అడుగుతాను. పడవ మరణమైతే, తండ్రి గట్టు దిగిన తర్వాత మళ్లీ పైకి పరుగెత్తుకు రావడాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? మృత్యువు పిలిస్తే వెళుతున్నవాడు అలా రాగలడా అని వాదించవచ్చు. ప్రాణం విడిచిపోలేక తిరిగి చూడటమే అది అని కూడా వాదించవచ్చు. రెండింటిలో ఏది నిలుస్తుందనేది నాకు ముఖ్యం కాదు. ఆ పరుగును లెక్కలోకి తీసుకోకుండా పడవకు అర్థం చెప్పడం కుదరదన్నదే నా అభ్యంతరం. తొమ్మిదవ శతాబ్దంలో ఆనందవర్ధనుడు కావ్యార్థం గురించి రాసిన ధ్వన్యాలోకంలో ఈ సంగతినే చెప్పాడు: వెలుగు కావలసినవాడు ముందు దీపశిఖ మీద శ్రద్ధ పెట్టినట్టే, ధ్వనించే అర్థం కావలసినవాడు ముందు వాచ్యార్థాన్ని, అంటే మాట నేరుగా చెప్పే అర్థాన్ని, ఆదరించాలి. మన సంస్కృత పండితులు విజయనగరంలో తరతరాలుగా పాఠం చెప్పిన గ్రంథమే అది. యానిమేషన్‌కు అది వర్తించదనడానికి నాకు కారణం కనిపించదు.

ఎండిన నేల విషయానికి వద్దాం. వ్యాసకర్త దానిని స్వప్నలోకమనీ, పరలోకమనీ రాశారు. కానీ నెదర్లాండ్స్‌లో సముద్రం నేలగా మారడం కవుల ఊహ కాదు. సముద్రపు పాయ అయిన జౌడర్ జీకి అడ్డంగా కట్టిన అఫ్‌స్లౌట్‌డైక్ అనే పెద్ద ఆనకట్టను 1932లో పూర్తి చేశారు. ఆ తర్వాత ఆ నీటి ప్రాంతంలో కొంత భాగాన్ని కరకట్టలతో చుట్టి, నీరు తోడి, సాగునేలగా మార్చారు. అంటే పిల్లగా ఉన్నప్పుడు నీళ్లు చూసిన చోటనే ముసలితనంలో గడ్డి మీద నడవడం ఆ దేశంలో మనుషులు నిజంగా చూసిన సంగతి. పడవ పూడుకున్న గడ్డినేలను చూసినప్పుడు డచ్ ప్రేక్షకునికి ముందుగా గుర్తొచ్చేది తన దేశపు భూగోళమే కావచ్చు. అంతమాత్రాన ఆ దృశ్యంలోని మరణచ్ఛాయ పోదు. అయితే ఆ ఛాయ పడటానికి కింద గట్టి నేల ఉందని తెలుస్తుంది. చదును గట్టు, వరుస చెట్లు, ఎదురుగాలి, సైకిళ్లు కూడా అలాంటివే. వాటిని ప్రతీకలుగా తేల్చే ముందు ఆ ఊళ్ల రోజువారీ బతుకుగా చూడవద్దా?

మన తీరపు ప్రేక్షకుల సంగతి వేరు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీర గ్రామాల నుంచి పెద్దసంఖ్యలో మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్‌కు వెళ్లి, అక్కడి బోట్ల మీద వేట చేస్తారు. 2018 చివరలో అలా వెళ్లినవారిలో కొందరు అరేబియా సముద్రంలో పాకిస్తాన్ బలగాలకు పట్టుబడి, 2020 జనవరిలో విడుదలై ఇళ్లకు చేరారు. ఆ ఏడాదికి పైబడిన కాలంలో ఆ ఇళ్లలోని ఆడవాళ్లు, పిల్లలు ఎదురుచూసిన తీరు మన పత్రికలన్నింటిలో వచ్చింది. అలాంటి ఇంటి పిల్లకు ఈ చిత్రం చూపిస్తే, తండ్రి చనిపోయాడని కాక, వేటకు పోయాడని, కూలికి పోయాడని అనుకుంటుంది. ఆ అర్థాన్ని తప్పనడానికి ఎవరికి అధికారం ఉంది? చిత్రం దానిని కాదనదు. గట్టు మీదికి మళ్లీ పరుగెత్తుకు రావడం అయితే ఆ అర్థంతోనే మరింత బాగా అతుకుతుంది. అయితే ఆ అర్థమూ చివరి రెండు నిమిషాల దగ్గర చిక్కుల్లో పడుతుంది, ఎందుకంటే వలసపోయిన తండ్రి ముసలమ్మ అయిన కూతురి ముందు యువకునిగా నిలబడలేడు. అక్కడికొచ్చేసరికి మరణం అన్న మాట తప్పదేమో. అంటే వ్యాసకర్త చెప్పింది చిత్రం చివర్లో కొంతవరకు నిలుస్తుందని, మొదట్లో నిలవదని నా అభిప్రాయం. ఒకే పడవ ఎనిమిది నిమిషాల్లో ఒకచోట బతుకుదెరువుగానూ మరోచోట మరణంగానూ మారగలగడమే ఈ చిత్రంలో నన్ను ఆకట్టుకున్నది. వ్యాసకర్త ఇచ్చిన ప్రతీకల వరుసపట్టికలో ఆ మార్పుకు చోటు లేదు.

యానిమేషన్‌లో ప్రతి వస్తువుకూ అర్థం వెతకాలనిపించడానికి ఒక న్యాయమైన కారణం ఉంది. మామూలు సినిమాలో కెమెరా ముందు నుంచి కాకి ఎగిరితే అది యాదృచ్ఛికం. గీసిన సినిమాలో కాకి ఎగరాలంటే ఎవరో కూర్చుని దానిని గీయాలి. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున ఎనిమిది నిమిషాలకు 11,520 ఫ్రేములు అవుతాయి. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా ఐదువేలకు పైగా బొమ్మలు కావాలి. అంత కష్టపడి గీసినదాంట్లో వృథాగా ఏదీ ఉండదని ప్రేక్షకుడు అనుకోవడం సహజం. కానీ గీసేవాని వైపు నుంచి చూస్తే మరో సంగతి తెలుస్తుంది. కొన్నిటిని గీసేది అర్థం కోసం కాదు, చిత్రం ఊపు కోసం. రెండు దృశ్యాల మధ్య కన్ను విశ్రమించడానికి. కొన్నిసార్లు కేవలం శ్రమ తగ్గించుకోవడానికి. ‘ఫాదర్ అండ్ డాటర్’లో మనుషుల ముఖాలు దాదాపు కనిపించవు, అందరూ దూరం నుంచి, నీడలతో, సన్నని ఆకారాలుగా ఉంటారు. ‘ముఖం లేని మానవుడు’ అంటూ దానికి తత్త్వం చెప్పవచ్చు. కానీ విశాలమైన ఆకాశం కింద చిన్న మనిషిని గీసేటప్పుడు ముఖం కంటే నడక ముఖ్యమని కుంచె పట్టిన ఎవరికైనా తెలుసు. ముసలమ్మ వంగిన నడుము, సైకిలు తోసుకుంటూ పోయే తీరు చాలు ఆమె వయసు చెప్పడానికి.

సోవియట్ దర్శకుడు యూరీ నార్‌స్టైన్ 1975లో తీసిన ‘హెడ్జ్‌హాగ్ ఇన్ ది ఫాగ్’ దీనికి మరింత మంచి ఉదాహరణ. ఆ పొగమంచును పల్చని కాగితాన్ని బొమ్మల మీద పెట్టి, దానిని క్రమంగా కెమెరా వైపు జరిపి సృష్టించారు. మంచు అంటే అజ్ఞానం, తెల్లగుర్రం అంటే సత్యం అని ఎవరైనా రాస్తే నేను చదవడం మానేస్తాను. అందులో ముళ్లపంది గుర్రాన్ని చూసి తనకు తానే వేసుకునే ప్రశ్న చాలా మామూలుది: అది పడుకుంటే మంచులో ఊపిరాడక పోతుందా అని. దారి తప్పి, భయపడి, చివరికి ఎలుగుబంటి ఇంటికి చేరాక కూడా, ఎలుగుబంటి ఏదో చెబుతుంటే తను గుర్రం గురించే ఆలోచిస్తూ కూర్చుంటుంది. ఈ కుతూహలానికి ‘సత్యం’ అని పేరు పెట్టగానే అది ఆవిరైపోతుంది.

అన్ని చిత్రాలూ ఇలా తప్పించుకుంటాయని నేననడం లేదు. కొన్ని తమ అర్థాన్ని తామే చెబుతాయి, చెప్పి తీరాలి కూడా. కెనడాలో నార్మన్ మెక్‌లారెన్ 1952లో నిజమైన మనుషులనే ఫ్రేము ఫ్రేముగా కదిలించి తీసిన ‘నైబర్స్’లో ఇద్దరు పొరుగువారు ఒక పువ్వు కోసం కొట్టుకుని చస్తారు, చివర్లో పొరుగువానిని ప్రేమించమన్న మాట అనేక భాషల్లో తెర మీద పడుతుంది. మా తరం దూరదర్శన్‌లో చూసిన 1974 నాటి ఫిల్మ్స్ డివిజన్ చిత్రం ‘ఏక్ అనేక్ ఔర్ ఏక్తా’ కూడా అంతే. వలలో పడ్డ పక్షులు కలిసి ఎగిరిన కథను అక్క చెబుతుంది, పిల్లలు నేర్చుకుంటారు. వాటి పద్ధతి అది, అందులో లోపం లేదు. చిక్కల్లా ఆ పద్ధతిని అన్ని చిత్రాలకూ కొలతగా పెట్టుకోవడం వల్ల వస్తోంది.

ఆక్షేపించిన పాఠకులకు కూడా ఒక మాట చెప్పాలి. పిల్లల బొమ్మలన్న మాటతో చర్చను కొట్టేయడం తేలికే గాని, డోమీ షీ దర్శకత్వంలో 2018లో వచ్చిన ‘బావో’ చూసినవారు అంత తేలికగా అనలేరు. ఆవిరి మీద ఉడికించిన పిండిముద్ద ప్రాణం పోసుకుంటే, ఒక చైనా తల్లి దానిని కొడుకులా పెంచుతుంది. పెద్దవాడై పెళ్లాడబోయే పిల్లతో వెళ్లిపోతానంటే, పట్టుకుని అమాంతం మింగేస్తుంది. అమెరికాలో కొందరు ప్రేక్షకులకు ఈ దృశ్యం అర్థంకాలేదని, కొందరు నవ్వారని అప్పట్లో చర్చ నడిచింది. ఎప్పుడూ ఎక్కడున్నావో తెలిసేలా నిన్ను మళ్లీ కడుపులో పెట్టుకోవాలనుందని తన తల్లి అనే మాట నుంచి ఆ దృశ్యం పుట్టిందని దర్శకురాలు చెప్పారు. ముద్దొస్తే పిల్లల బుగ్గ కొరికేయబోయే మన అమ్మమ్మలకు దీనిని వివరించే పని ఉండదు. ఇది పిల్లల బొమ్మే కావచ్చు. కానీ పిల్లలకంటే ముందు అర్థమయ్యేది ఇల్లు ఖాళీ అయిన తల్లులకు. అర్థాలు వెతకవద్దంటే ఆ తల్లుల కన్నీళ్లకు కారణం కూడా అడగవద్దనే అవుతుంది. శ్రీకాకుళం వాడైన కాళీపట్నం రామారావు మాస్టారి ‘యజ్ఞం’ కథ ముగింపు మీద తెలుగు పాఠకులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఆ కథకు దాని వల్ల నష్టం జరగలేదు.

తోలుబొమ్మలాటతో పోల్చి చూస్తే లఘు చిత్రాల ప్రత్యేకత ఇంకాస్త తెలుస్తుంది. తెర వెనుక దీపం వెలగగానే పది తలల బొమ్మ ఎవరిదో, హాస్యపాత్రలైన బంగారక్క, కేతిగాడు వస్తే ఏం జరుగుతుందో ప్రేక్షకునికి ముందే తెలుసు. సంకేతాలు ఆట కంటే పాతవి. లఘు చిత్రానికి ఆ సౌకర్యం లేదు. తన సంకేతాన్ని తానే ఆ కొద్ది నిమిషాల్లో తయారు చేసుకోవాలి. అందుకు దానికున్న పరికరం పునరుక్తి. సైకిలు మొదటిసారి వచ్చినప్పుడు సైకిలే. ఒకే గట్టు మీదికి, ఒకే ఎదురుగాలిలో అది మళ్లీ మళ్లీ వచ్చాక, చివరిసారి నిలబడక పడిపోయినప్పుడు మాత్రమే దానికి మరో బరువు వస్తుంది. అందుకే మొదటి నిమిషంలోనే సైకిలుకు అర్థం చెప్పేసిన విమర్శ చిత్రాన్ని చూడనట్టే.

ఈ లేఖ రాయడానికి అసలు కారణం మరొకటి ఉంది. ఈ మధ్య మా ప్రాంతంలో విద్యార్థులకు పెట్టిన ఒక లఘు చిత్రాల పోటీలో, దరఖాస్తు ఫారంలో ‘మీ చిత్రం ఇచ్చే సందేశం ఒక వాక్యంలో’ అని ఒక గడి ఉంది. నన్ను సలహా అడిగిన పిల్లలు చక్కగా చెరువు, కొంగ, దాని నీడ గీసుకుని, ఆ గడి నింపడం కోసం చివర్లో ‘నీటిని కాపాడండి’ అని రాసుకున్నారు. కొంగ నీడ ఎందుకు కదలకుండా ఆగిపోయిందని నేను అడిగితే, వారికి దానిమీద చెప్పడానికి ఎంతో ఉంది; ఫారంలో దానికి చోటు లేదు. చిత్రం తీయకముందే సందేశం రాయమంటే, వ్యాసకర్త చేసినట్టు చిత్రాన్ని పట్టికగా మార్చడం వారికి బడి వయసులోనే అలవాటవుతుంది.

కనుక మీ ద్వారా అలాంటి పోటీలు నిర్వహించేవారిని కోరేది ఇది: ఆ గడిని తీసేయనక్కరలేదు, ‘చిత్రంలో ఏం జరుగుతుందో పది వాక్యాల్లో రాయండి’ అని మార్చండి. మీ అనుబంధంలో రాసే విమర్శకులకు కూడా ఇదే నియమం పెట్టగలిగితే, ఆక్షేపించే మాలాంటివారికి దేనితో విభేదిస్తున్నామో స్పష్టంగా తెలుస్తుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగు ఉపాధ్యాయుడు,
విజయనగరం