లాటరీ కాదు, వారసత్వం

సంపాదకులకు,

గత ఆదివారం సినిమా పేజీలో 'మిస్టర్ డీడ్స్' మీద వేసిన వ్యాసంలో తప్పులకు సవరణ వస్తుందని నాలుగు రోజులు చూశాను. రాలేదు.

హీరోకి లాటరీ తగిలిందని రాశారు. లాటరీ ఎక్కడిది? 2002 నాటి ఆ సినిమాలో ఆడమ్ శాండ్లర్ పాత్రకు దక్కేది 4,000 కోట్ల డాలర్ల వారసత్వం. ఉన్నాడని కూడా తెలియని బంధువు ఎవరెస్టు మీద గడ్డకట్టి చనిపోతే వచ్చిన ఆస్తి అది. లాటరీ డబ్బు మీద ఎవరికీ పేచీ ఉండదు. వారసత్వం కాబట్టే కంపెనీ పెద్దల ఎత్తులు, చివర్లో అసలు వారసుడు బయటపడటం. ఆ ఒక్క మాట తప్పితే కథే నిలబడదు.

అంతకన్నా ఘోరం, ఇది కొత్త కథ అన్నట్టు రాయడం. 1936లో ఫ్రాంక్ కాప్రా తీసిన 'మిస్టర్ డీడ్స్ గోస్ టు టౌన్'కి ఇది రీమేక్. మూలకథ క్లారెన్స్ బడింగ్టన్ కెల్లాండ్‌ది, స్క్రీన్‌ప్లే రాబర్ట్ రిస్కిన్‌ది. కాప్రాకు ఉత్తమ దర్శకుడిగా ఆస్కార్ తెచ్చిన సినిమా. మీ వ్యాసంలో వీళ్లెవరి పేరూ లేదు.

'చిన్న ఊరి మంచితనం' అని రెండుసార్లు రాశారు. ఆ మంచితనం పాత సినిమాలో ఎలా పరీక్షకు నిలిచిందో చూడండి. అది ఆర్థిక మాంద్యం కాలం. 2 కోట్ల డాలర్లు వచ్చిపడ్డ డీడ్స్‌ని (గ్యారీ కూపర్), సర్వం పోగొట్టుకున్న ఒక రైతు తుపాకీతో వచ్చి నిలదీస్తాడు. జనం ఆకలితో ఉంటే గుర్రానికి డోనట్లు తినిపిస్తావా అని. ఆ దెబ్బతో డీడ్స్ పథకం వేస్తాడు: ఇల్లూవాకిలీ లేని కుటుంబాలకు తలా పదెకరాల పొలం, సామగ్రితో సహా, కొన్నేళ్లు సాగుచేస్తే పొలం వాళ్లదే. వెంటనే అతనికి పిచ్చి ఉందని కోర్టుకెక్కుతారు. ట్యూబా అనే పెద్ద ఇత్తడి బూర వాయించడం కూడా పిచ్చికి సాక్ష్యమే! ఊరి నుంచి వచ్చిన అక్కాచెల్లెళ్లు అతని బుర్ర సరిగా లేదంటారు. మళ్లీ అడిగితే తామిద్దరూ తప్ప అందరి సంగతీ అంతేనంటారు. నవ్విస్తూనే గుండె పట్టేసే సన్నివేశం. రీమేక్‌లో రైతులూ లేరు, ఆ విచారణా లేదు. వాటాదారుల సమావేశంతో సరిపెట్టారు. చివర్లో ఊరందరికీ ఎర్ర కార్లు పంచితే సరదాగానే ఉంటుంది కానీ, పంచినందుకు హీరో పోగొట్టుకునేదేమీ లేదు. రెండు సినిమాల తేడా అంతా అక్కడుంది. సమీక్షకుడు చెప్పాల్సిన మాట అది.

హీరోయిన్‌ని 'నగరపు అమ్మాయి' అని వదిలేశారు. ఆమె విలేకరి! పాత సినిమాలో జీన్ ఆర్థర్ చేసిన ఆ పాత్ర, జీతంతో నెల సెలవు కోసం ఒక మంచివాణ్ణి పత్రికలో నవ్వులపాలు చేస్తుంది. పత్రిక నడిపేవాళ్లకే ఆ సంగతి పట్టకపోతే ఎలా?

ఇది ఒక్క వ్యాసంతో పోయేది కాదు. మీ సినిమా పేజీలో రచయితల పేర్లు మాయమై చాలాకాలమైంది. రీమేక్‌కి మాతృక ఏదో చెప్పరు, పేర్లు ఒక్కో పేరాలో ఒక్కోలా ఉంటాయి. వసూళ్లు, చుక్కల రేటింగులు మాత్రం తప్పవు. ముద్రణకు ముందు ఎవరైనా చదువుతున్నారా?

సవరణ వేస్తే సినిమా పేజీలోనే వేయండి, వర్గీకృత ప్రకటనల కింద కాదు. కెల్లాండ్, రిస్కిన్ పేర్లు అందులో ఉండాలి.

— ఒక పాఠకుడు