రాత్రి ఎలా తిరిగొస్తావో చూసుకుని హోటల్ బుక్ చెయ్యరా

టాంపా,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. పదకొండు నిమిషాల్లో తొమ్మిది నిమిషాలు మీ ఇంటి దగ్గర కొత్తగా తెరిచిన బిర్యానీ హోటల్ గురించే. చివర్లో గబగబా "ఆగస్టులో అమ్మానాన్నల్ని తీసుకుని డాలస్ నుంచి ఓర్లాండో డిస్నీ వరల్డ్‌కి వస్తున్నాం, ఏ హోటల్ బాగుంటుందో చెప్పు" అన్నావు. ఫోన్ చేస్తే నన్ను మాట పూర్తి చెయ్యనివ్వవు కాబట్టి రాస్తున్నా. టీ పెట్టుకుని కూర్చో, ఇది పొడుగ్గానే ఉంటుంది.

స్విమ్మింగ్ పూల్ ఎలా ఉంటుంది, గదిలో మైక్రోవేవ్ ఉంటుందా, పార్కుకి పొద్దున్నే ఎంతసేపట్లో చేరతాం అని అడిగావు. అందరూ ఇవే అడుగుతారు, నేనూ అడిగాను. పొద్దున వెళ్ళడానికి ఏ ఇబ్బందీ ఉండదురా. నిద్రపోయి లేచిన కాళ్ళు, ఇడ్లీ తిన్న కడుపు, బస్సు కాస్త ఆలస్యమైనా నవ్వుకుంటూ నిలబడతారు. నువ్వు చూసుకోవాల్సింది రాత్రి తొమ్మిదిన్నర తర్వాత సంగతి. పన్నెండు గంటలు నడిచిన మనిషి, మోకాళ్ళు పట్టేసిన మనిషి, భుజం మీద నిద్రపోయిన పిల్ల. అప్పుడు గదికి ఎలా చేరతావో ముందు తేల్చుకుని, దాన్నిబట్టి హోటల్ బుక్ చెయ్యి.

ముందు ఆ స్థలం ఎంతుందో తెలియాలి. మనం లుంబినీ పార్కు లెక్కన ఊహించుకుంటాం. అది 25 వేల ఎకరాల వ్యవహారం, దాదాపు శాన్‌ఫ్రాన్సిస్కో ఊరంత. నాలుగు పార్కులు, పాతికకు పైగా హోటళ్ళు, మధ్యలో చెరువులు, అడవి. ఒకచోటి నుంచి ఇంకోచోటికి నడిచిపోదాం అంటే చాలాచోట్ల కుదరదు. అందుకే బస్సులు, పడవలు, మోనోరైలు, 2019లో వచ్చిన స్కైలైనర్ అనే తీగమార్గం (రోప్‌వే), అన్నీ పెట్టారు. అన్నీ ఉచితం. పగలు చూస్తే నిజంగా ముచ్చటేస్తుంది.

ఆ నాలుగు పార్కుల్లో మ్యాజిక్ కింగ్‌డమ్ సంగతి మరీ విచిత్రం. కారు పార్కింగ్ పార్కు ముందు ఉండదు, చెరువుకి అవతలి ఒడ్డున ఉంటుంది. అక్కడ కారు పెట్టి మోనోరైలెక్కాలి, లేదా ఆరువందల మంది పట్టే ఫెర్రీ ఎక్కి దాటాలి. 1971లో తెరిచినప్పటి నుంచీ అంతే. మా నాన్న చూసి "ఇదేంట్రా, రేవు దాటి తిరనాళ్ళకి పోయినట్టుంది" అన్నారు. ఉబర్ వాడు కూడా ఆ అవతలి ఒడ్డునే దించుతాడు. హోటల్ బస్సులు మాత్రం సరాసరి పార్కు గేటు దాకా వస్తాయి. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకో, నీకు చాలా పనికొస్తుంది.

ఇక రాత్రి సంగతి. బాణసంచా అయిపోగానే మ్యాజిక్ కింగ్‌డమ్ గేటుకి వచ్చే మెయిన్ స్ట్రీట్‌లో జనం ఎలా వస్తారంటే, చిన్నప్పుడు మన ఊళ్ళో పండగ రోజు సెకండ్ షో వదిలినట్టే, కాకపోతే వంద హాళ్ళు ఒకేసారి వదిలినట్టు. అసలు చిక్కు అక్కడే. పొద్దున జనం ఎనిమిది నుంచి పదకొండు దాకా విడతలుగా వస్తారు. రాత్రి అందరూ ఒకే అరగంటలో బయటపడతారు. ఆ తర్వాత గంటకో ఎంతకో బస్సులు, పడవలు, మోనోరైలు ఒక్కొక్కటే ఆగిపోతూ వస్తాయి. పార్కు మూశాక ఇంచుమించు ఒక గంట దాకానే అన్నీ నడుస్తాయని పెట్టుకో. ఆ తర్వాత హోటల్ నుంచి హోటల్‌కి పోదామన్నా, తీరిగ్గా ఇంకో హోటల్లో భోజనం చేసి వద్దామన్నా, బస్సులు పలచబడతాయి. పైగా ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కి నేరుగా బస్సు ఉండదు. పార్కుకో, డిస్నీ స్ప్రింగ్స్ అనే బజారుకో వెళ్ళి అక్కడ మారాలి. రాత్రి పదింటికి ఈ మారుడు పెట్టుకున్నావో, మీ అమ్మ నిన్ను డాలస్ పక్కన మీ ఫ్రిస్కో చేరేదాకా సాధిస్తుంది.

ఇప్పుడు నా కథ చెప్తా, నవ్వకు.

పోయిన వేసవిలో మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు తీసుకెళ్ళాను. నేనేమో తెలివిగా స్కైలైనర్ స్టేషన్ ఉన్న హోటల్ తీసుకున్నా. "బస్సు గొడవే లేదు నాన్నా, ఆకాశంలో వెళ్ళి ఆకాశంలో వచ్చేస్తాం" అని గొప్పలు కూడా పోయాను. పొద్దున నిజంగానే అలా వెళ్ళాం. అమ్మ కళ్ళు మూసుకుని విష్ణు సహస్రనామం చదువుకుంది గానీ, దిగాక "బాగుందిరా" అంది. రోజంతా ఎప్కాట్ అనే ఇంకో పార్కులో తిరిగాం. సాయంత్రం నుంచీ దూరంగా ఆకాశం ఉరుముతూనే ఉంది. ఫ్లోరిడాలో ఇన్నేళ్ళు ఉన్నవాణ్ణి, వేసవి సాయంత్రం ఉరిమితే ఏమవుతుందో నాకు తెలియదా! తెలుసు. అయినా బాణసంచా చూపించాలనే యావలో పట్టించుకోలేదు.

బాణసంచా అయింది. స్టేషన్ దగ్గరకి వెళ్ళేసరికి తీగ ఆగిపోయి ఉంది. మెరుపులు దగ్గర్లో ఉంటే దాన్ని నడపరు, చిన్న పడవల్నీ ఆపేస్తారు. నడపకూడదు కూడా. ఎప్పుడు మొదలవుతుందని అడిగితే మెరుపులు పోయాక అన్నారు. మెరుపులు ఎప్పుడు పోతాయో చెప్పడానికి అక్కడ పంతులెవరూ లేరు కదా. అమ్మ మెల్లిగా "కరెంటు పోయిందా?" అని అడిగింది.

స్కైలైనర్ స్టేషన్ ఎప్కాట్ వెనక గేటు దగ్గర. మా హోటల్ బస్సు వచ్చేది ముందు గేటు దగ్గర. ఈ రెంటికీ మధ్య పార్కు మొత్తం ఉంది. ఎదురుగా ఉన్న చెరువు చుట్టూ దారే రెండు కిలోమీటర్లు దాకా ఉంటుంది. దాంట్లో ఒక ముక్క తిరిగి, మళ్ళీ ముందు గేటు దగ్గరున్న పెద్ద గోళం దాటి, గేటు దాటి, బస్టాపు దాకా నడవాలి. పొద్దున వీల్‌చైర్ తీసుకుందామంటే "నేనేమైనా మంచాన పడ్డానా" అని అమ్మ ఒప్పుకోలేదు. ఆ రాత్రి ఆ చెరువు ఒడ్డున మూడుచోట్ల కూర్చుంది. నేను రెండు చేతులా సంచులు, మా ఆవిడ పిల్లని ఎత్తుకుంది. ఎవరూ నన్ను ఏమీ అనలేదు, అదే భయమేసింది.

బస్టాపు చేరాక మా నాన్న అసలు స్వరూపం బయటపడింది. నీకు గుర్తుందిగా, ఆయన తెనాలి డిపోలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారు. అందరూ నీరసపడి కూర్చుంటే ఆయన మాత్రం జేబులోంచి డైరీ తీశారు. ఏ బస్సు ఎప్పుడొచ్చింది, ఎంతమంది ఎక్కారు, ఖాళీగా ఏది పోయింది, అన్నీ రాసుకోవడం మొదలుపెట్టారు. నేను విసుక్కుని "వీళ్ళు రాత్రిపూట ఇంకొన్ని బస్సులు వెయ్యొచ్చుగా" అన్నాను. అంతే, క్లాసు మొదలైంది.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతవరకూ రాస్తా. రాత్రి బస్సు ఒకవైపే నిండుతుంది. పార్కు నుంచి హోటల్‌కి నిలబడే చోటు ఉండదు, హోటల్ నుంచి పార్కుకి వచ్చేటప్పుడు డ్రైవర్ ఒక్కడే. అంటే ప్రతి ట్రిప్పులో సగం దూరం ఖాళీగా కొట్టడమే. ఆర్టీసీ భాషలో ఓఆర్, అంటే సీట్లు ఎంత శాతం నిండాయన్న లెక్క, సగానికి పడిపోతుంది. అది కాక డ్రైవర్ డ్యూటీ లెక్క. పొద్దున ఆరింటికి ఎక్కినవాడు రాత్రి పదకొండుకి ఉండడు, రెండో జట్టు కావాలి. రెండో జట్టుని ఆ ఒక్క గంట రద్దీ కోసం పిలిస్తే మిగతా ఏడు గంటలు ఏం చెయ్యాలి? అందుకే ఎక్కడైనా కోత ముందు చివరి ట్రిప్పు మీదే పడుతుందట. "మన పల్లెల్లో నైట్ హాల్ట్ బస్సు తీసేసినప్పుడు కూడా ఇదే లెక్క చెప్పేవాళ్ళం. లెక్క కరెక్టే, కానీ ఆ బస్సు మీద ఆధారపడిన నలుగురూ నడిచేవాళ్ళు" అన్నారు. అన్నాక కాసేపు ఏం మాట్లాడలేదు. అమ్మ మోకాలు రాసుకుంటోంది.

మోనోరైలు, తీగమార్గం లాంటివాటికి ఇంకో గొడవ ఉంది. వాటిని రాత్రి ఆపితే తప్ప తనిఖీ, రిపేరు చెయ్యలేరు. బస్సు ఒకటి డిపోలో ఉంటే ఇంకోటి రోడ్డు మీద ఉంటుంది. దారే పట్టాలో తీగో అయినప్పుడు అది ఖాళీగా ఉండాలి. కోవిడ్ అప్పుడు చూడు, 2020 జులైలో పార్కులు తెరిచినా ఎప్కాట్‌కి వెళ్ళే మోనోరైలు లైను 2021 జులై దాకా మొదలవ్వలేదు. ఒకసారి తగ్గించింది మళ్ళీ పెంచడానికి ఎంత టైమైనా పట్టొచ్చు. విమానాశ్రయం నుంచి హోటల్‌కి ఉచితంగా తీసుకొచ్చే బస్సు 2005 నుంచి ఉండేది, 2022 వచ్చేసరికి అదీ తీసేశారు. మీ ఆఫీసులో ఎవరో పాతకాలం వాళ్ళు "ఎయిర్‌పోర్టులో వాళ్ళే ఎక్కించుకుంటారు" అని చెప్పి ఉంటారు, నమ్మకు.

మా బస్సు వచ్చింది. డ్రైవర్ ర్యాంపు దించాడు, అమ్మ ఎక్కి కూర్చుంది. నాన్న దిగేటప్పుడు డ్రైవర్‌కి సెల్యూట్ కొట్టారు. ఆయన కూడా కొట్టాడు! గదికొచ్చాక మిగిలిన పులిహోర తిని పడుకున్నాం. (బయటి తిండి పార్కులోకి తీసుకెళ్ళనిస్తారు, గాజు సీసాలు వద్దు అంతే. చెల్లెమ్మకి చెప్పు, పెరుగన్నం కూడా కలుపుకోమని.)

మర్నాడు మెరుపులూ లేవు, ఏమీ లేవు, స్కైలైనర్ హాయిగా నడిచింది. అమ్మ మాత్రం ఎక్కనంది. తెరిచిన కొత్తలో, 2019 అక్టోబరులో ఒక రాత్రి అది ఆగిపోయి జనం మూడు గంటలకు పైగా గాల్లోనే ఉండిపోయారు. ఆ సంగతి అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు, మీ అమ్మకీ చెప్పకు.

సరే, నీ హోటల్ సంగతికొద్దాం. డబ్బుకి వెనకాడకపోతే మ్యాజిక్ కింగ్‌డమ్‌కి నడిచిపోయే దూరంలో ఉన్న కాంటెంపరరీ తీసుకో. పది నిమిషాల నడక, అన్నీ ఆగిపోయినా కాళ్ళు ఆగవు. గ్రాండ్ ఫ్లోరిడియన్ నుంచి కూడా 2020లో నడకదారి వేశారు. ఎప్కాట్ వెనక గేటుకైతే బీచ్ క్లబ్, బోర్డ్‌వాక్ వైపు హోటళ్ళు దగ్గర. అంత ఖర్చు వద్దనుకుంటే పాప్ సెంచరీ లాంటిది చాలు, స్కైలైనర్ ఉంటుంది, కానీ అది ఆగిన రోజు ఏం చేస్తావో ముందే అనుకో. నా మాట వింటే ఎయిర్‌పోర్టులో కారు అద్దెకు తీసుకో. డిస్నీ వాళ్ళ హోటల్లో ఉన్నవాళ్ళకి పార్కుల్లో మామూలు పార్కింగ్ ఉచితం. ఎప్కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్‌కి కార్లో పో. మ్యాజిక్ కింగ్‌డమ్‌కి మాత్రం కారు వదిలేసి హోటల్ బస్సే ఎక్కు, ఎందుకో పైన చెప్పాను.

ఆగస్టు అన్నావు కాబట్టి ఇంకోటి. ఆగస్టులోనే హాలోవీన్ పార్టీలు మొదలవుతాయి. ఆ రాత్రుల్లో మ్యాజిక్ కింగ్‌డమ్ మామూలు టికెట్ వాళ్ళకి సాయంత్రం ఆరింటికే మూస్తుంది. వాళ్ళ యాప్‌లో తారీఖులు చూసుకో. బాణసంచా చూడాలంటే ఆ రోజులు తప్పించు. రద్దీ వద్దనుకుంటే ఆ రోజే వెళ్ళు, పగలు జనం తక్కువుంటారు, ఆరింటికి బయటపడితే చీకటి పడకముందే గదిలో ఉంటారు. మీ నాన్నగారికి ఎనిమిదింటికల్లా భోజనం, మాత్రలు పడాలన్నావుగా, నాకైతే ఇదే మంచిదనిపిస్తోంది. ఇంకో రోజు బాణసంచా చూసినా, అది మొదలయ్యేసరికి గేటు వైపు ఉండండి. పార్కు మధ్యనున్న కోట ఎదురుగా నిలబడితేనే చూసినట్టు కాదు. లేదంటే అయిపోయాక ఒక ముప్పావుగంట ఎక్కడైనా బెంచీ మీద కూలబడి ఐస్‌క్రీమ్ తినండి, జనం పలచబడ్డాక కదలండి. ఆ రెంటికీ మధ్యలో మాత్రం లేవకు.

వీల్‌చైర్ పార్కులో అద్దెకి తీసుకుంటే గేటు దగ్గర తిరిగి ఇచ్చేయాలి, బస్టాపు దాకా రానివ్వరు. అందుకే బయట దుకాణంలో వారానికి తీసుకో, హోటల్‌కి తెచ్చిస్తారు. మీ అమ్మ వద్దంటుంది. "సంచులు పెట్టుకోవడానికమ్మా" అని చెప్పు, మధ్యాహ్నానికి తనే కూర్చుంటుంది.

తారీఖులు ఖాయం కాగానే చెప్పు. శనివారమైతే నేను ఓర్లాండో వచ్చేస్తా, రాత్రికి నా కారు ఉంటుంది, గంటన్నర దూరమేగా. వచ్చేటప్పుడు మీ అమ్మ పెట్టిన గోంగూర పచ్చడి మర్చిపోకు.

నాన్నకి నీ సంగతి చెప్పాను. వెంటనే ఆ రాత్రి డైరీ కాగితం ఫోటో తీసి పంపారు, నీకు వాట్సాప్‌లో పెడుతున్నా. పైన ఉన్నది బస్సుల టైమింగ్స్. కింద ఉన్నది తెనాలిలో మా పాలవాడి బాకీ, దాన్ని పట్టించుకోకు.

నీ
పాత రూమ్మేట్