కారు, విమానం: బెంగళూరుకు మారేవారికి

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం నుంచి బెంగళూరుకు కాపురం మారుస్తున్నవారు ముందు కారు సంగతి చూసుకోండి. మేము లారీలో పంపాం. ఎక్కించే ముందు నాలుగు వైపులా, మీటరు రీడింగుతో సహా ఫోటోలు తీశాను. దించాక వెనుక బంపరుపై జానెడు గీత! ఆ ఫోటోలు ఉండబట్టే పరిహారం ఇచ్చారు. పెట్రోలు కొద్దిగానే ఉంచండి, లోపల సామాన్లు కుక్కకండి. 12 నెలలు దాటి అక్కడే ఉంచితే కర్ణాటక రిజిస్ట్రేషన్ తప్పదు. అందుకు కావలసిన నిరభ్యంతర పత్రం మన రవాణా కార్యాలయమే ఇవ్వాలి, బయలుదేరే ముందే అడగండి.

విమానం ఎక్కేవారికి: విశాఖ 100 కిలోమీటర్ల పైమాటే, ఉదయం విమానమైతే ముందురోజు రాత్రే చేరుకోండి. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి. ఆవకాయ మాత్రం గట్టిగా మూత బిగించి పెద్ద పెట్టెలో పెట్టండి.