పత్రి అమ్మితే బాలకార్మికులేనా?

సంపాదకుల వారికి,

చవితి వెళ్ళాక, మా సెంటర్లో పత్రి అమ్ముతున్న ఇద్దరు పిల్లల్ని అధికారులు విడిపించారంటూ మీ జిల్లా పేజీలో "బాలకార్మికులకు విముక్తి" అని ఫొటోతో సహా వార్త వేశారు. ఊళ్ళో నిమజ్జనాలు కూడా అయిపోయాయి గానీ ఆ ఫొటో చూసినప్పటి కోపం నాకింకా తగ్గలేదు. నా కుట్టుమిషను షాపు ఆ సెంటర్లోనే ఉంది. జరిగిందంతా కళ్ళారా చూసినదాన్ని కాబట్టి రాస్తున్నాను.

ఆ పిల్లలిద్దరూ ఎవరి దగ్గరా కూలికి లేరు. బడి వదిలాక వచ్చి, వాళ్ళమ్మ గంప పక్కన కూర్చుని పత్రి కట్టలు కడుతున్నారు. మాచిపత్రి, మారేడు, ఉత్తరేణి, ఉమ్మెత్త వేటికవి కుప్పలు పోసుకుని, అన్నిట్లోంచీ తలా కాస్త తీసి, అరటినారతో ముడేసి కట్ట ఇరవై రూపాయలకు ఇస్తున్నారు. పెద్దవాడు ఎనిమిదో తరగతి. వాకుడాకు ముళ్ళు గుచ్చుకుంటాయని దానికి విడిగా కాగితం చుట్టి మరీ ఇచ్చాడు నాకు. సైకిలు టైరు పోయిందట, పండగ బేరం బాగుంటే అమ్మ కొనిపెడతానందట. అంత సంబరంగా చెప్పాడు. కాసేపటికే మున్సిపాలిటీ ట్రాక్టరు, వెనకాలే జీపు వచ్చాయి. గంప, పాలవెల్లులు, వెలగపళ్ళు, కాటా అన్నీ ట్రాక్టర్లోకి విసిరేశారు. పిల్లల్ని గోడవారగా నిలబెట్టి ఫొటోలు తీసుకున్నారు. వాళ్ళమ్మ చేత తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకుని వదిలేశారు. సరుకు అడిగితే పండగయ్యాక ఆఫీసుకి రమ్మన్నారు. చవితి వెళ్ళిపోయాక పత్రి ఎవరు కొంటారండీ?

చట్టం తెలియక మాట్లాడుతున్నాననుకోకండి. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు, పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలో పెట్టుకున్నా నేరమే అన్నారు. ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు, లేకపోతే జరిమానా, లేదా రెండూ. మంచిదే, ఉండాల్సిందే. అదే చట్టంలో, బడి అయ్యాకో సెలవుల్లోనో, ప్రమాదం లేని పనిలో సొంత కుటుంబానికి సాయపడొచ్చని కూడా ఉంది. రోజుకు మూడు గంటలు మించకూడదని, రాత్రి ఏడు నుంచి పొద్దున ఎనిమిది దాకా పని చేయించకూడదని తర్వాత నిబంధనలూ పెట్టారు. ఆ సాయంత్రం పిల్లలు దాటిన గీత ఏదో అధికారులు చెప్పాలి. టీవీ షోల్లో, సినిమాల్లో చేసే పిల్లలకు రోజుకు ఐదు గంటల దాకా వీలిచ్చిన చట్టం కూడా ఇదే.

ఇక సరుకు సంగతి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఏది పట్టుకెళ్ళినా జాబితా రాసి చేతికివ్వాలి. పాడయ్యే సరుకైతే అడిగిన రోజే, పాడవనిదైతే రెండు పనిదినాల్లో, రుసుము కట్టించుకుని తిరిగి ఇచ్చేయాలి. ఆ తల్లికి చీటీ ముక్క కూడా ఇవ్వలేదు. కాటా ఈ రోజుకీ రాలేదు. పొద్దున్నే ఆశీలు వసూలుకు వచ్చే మనిషి మాత్రం రోజూ ఠంచనుగా రసీదు చింపి ఇస్తాడు. డబ్బు తీసుకునేటప్పుడు ఆమె వ్యాపారి, సాయంత్రానికి ఆక్రమణదారు ఎలా అయింది? వీధి వ్యాపారుల వ్యవహారాలు చూసే పట్టణ వెండింగ్ కమిటీలో నూటికి కనీసం నలభై మంది వీధి వ్యాపారులు ఎన్నుకున్నవాళ్ళే ఉండాలి. మా సెంటర్లో బండ్లవాళ్ళనూ గంపలవాళ్ళనూ అడిగాను, ఓటు వేశామన్నవాళ్ళు ఒక్కరూ లేరు. వాళ్ళకని గీసిన పసుపు గీతల్లో కార్లు నిలబెడుతున్నారు. వాటి జోలికి ఏ ట్రాక్టరూ రాదు.

పిల్లలు పనిచేయాలని నేననడం లేదు. బడికి రాని ప్రతి బిడ్డనూ బాలకార్మికుడిగానే లెక్కేయాలన్న పద్ధతిలో పనిచేసి శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో వేలమందిని బడిలో వేసింది. ఆ కొలతతో చూడండి. ఇటుక బట్టీల దగ్గర, రొయ్యలు ఒలిచే షెడ్లలో, కర్నూలు వైపు పత్తి విత్తనాల చేలల్లో బడి మాని పనిచేసే పిల్లలున్నారు. ముప్పై రోజులు వరుసగా రాకపోతే బడివాళ్ళు అధికారికి తెలపాలని నిబంధన ఉంది. ఆ కబురు అందాక ఎన్ని ఇళ్ళకు వెళ్ళారో చెప్పమనండి. అక్కడికి వెళ్ళాలంటే యజమానితో తగువు పెట్టుకోవాలి, కేసు రాయాలి, కోర్టుకు తిరగాలి. గంప ముందు కూర్చున్న ఆడమనిషితో అయితే ఆ తంటా ఉండదు.

మీకూ ఒక మాట. మీ పత్రిక మా వీధిలో పడేది తెల్లవారుజామున ఐదింటికి. వేసే కుర్రాడికి పద్నాలుగు నిండాయో లేదో మీ ఏజెంటును అడిగి చూడండి. నిండకపోతే అది తప్పే, సరిదిద్దుకోండి.

పేరు రాయకపోయినా ముఖాలు కనపడేలా ఫొటో వేశారు. ఆ పెద్దవాడు మూడు రోజులు బడికి వెళ్ళనన్నాడని వాళ్ళమ్మ నా దగ్గర ఏడ్చింది. అప్పుడు ఫొటో వేసిన చోటే, ఆ పిల్లలు కూలికి లేరని, తల్లి దగ్గర ఉన్నారని నాలుగు ముక్కలు రాయండి. కమిషనర్ గారిని రెండే అడగండి: జాబితా ఎందుకు ఇవ్వలేదు, కాటా ఎప్పుడిస్తారు? దీపావళికి ఆమె ప్రమిదలు తెచ్చి అక్కడే పెట్టుకుంటుంది. జవాబు ఆలోపే రావాలి.

ఇట్లు,
సెంటర్లో షాపున్న ఒక పాఠకురాలు