రహస్య కెమెరాలు కొనేవారి పేరు రాసుకోవాలి

సంపాదకులకు నమస్కారం. మాది మదనపల్లె. బెంగళూరు ఎస్‌పీ రోడ్డు దగ్గర పదహారేళ్లుగా సీసీ కెమెరాలు బిగించే పని చేస్తున్నాను. గల్లాపెట్టెలో డబ్బు పోతోందని చిన్న కెమెరా అడిగే దుకాణదారులకు నేనే ఎంచి ఇస్తాను. మెగాపిక్సెళ్లు చూసి మోసపోవద్దంటాను. మసక వెలుతురులో పనికొచ్చేది వెలుతురును పట్టే పెద్ద సెన్సార్, ఎఫ్ నంబరు తక్కువున్న, అంటే వెలుతురు ఎక్కువ లోపలికి వదిలే లెన్స్.

పోయిన నెల మారతహళ్లిలో ఒక లేడీస్ పీజీ హాస్టల్ యజమాని పిలిచాడు. వరండాకి అనుకుని వెళ్లాను. మూడో అంతస్తు గదిలో మంచానికి ఎదురు గోడ చూపించి, "ఇక్కడ కనబడకుండా పెట్టన్నా, చీకట్లోనూ కనిపించాలి" అన్నాడు. నా చేతిలో డ్రిల్లు అట్లే ఉండిపోయింది. కిటికీ దగ్గర తాడు మీద ఎవరో పిల్ల పసుపు చున్నీ ఆరేసి ఉంది. నాకూ ఇంటర్ చదివే కూతురుంది. సామాన్లు సర్దుకుని కిందికి దిగి, 112కి ఫోన్ చేశాను.

ఆడవాళ్లను ఏకాంతంలో ఇలా చిత్రీకరిస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద మొదటిసారికే ఏడాదికి తక్కువ కాకుండా, మూడేళ్ల దాకా జైలు. అయినా ఈ కెమెరా కొనేవాడి పేరు కౌంటర్లో ఎవరూ అడగరు. సిమ్ కార్డుకి అడుగుతున్నాం కదా! దీనికీ గుర్తింపు కార్డు చూసి రిజిస్టరులో రాయాలని ప్రభుత్వం రూలు పెట్టాలి.

పీజీల్లో ఉండే మన అమ్మాయిలూ, లైట్లార్పి ఫోన్ సెల్ఫీ కెమెరాతో గోడలు, స్విచ్ బోర్డులు నిదానంగా చూడండి. చీకట్లో చూసేందుకు కెమెరాకి పెట్టే, మన కంటికి కనబడని వెలుతురిచ్చే ఇన్‌ఫ్రారెడ్ బల్బుంటే చాలా ఫోన్లలో తెల్లగానో ఊదాగానో మెరుస్తుంది. ఆ బల్బు లేని కెమెరా ఇలా దొరకదు. టార్చి వేసి వెతికితే లెన్స్ చుక్కలా తళుక్కుమంటుంది. కనబడితే పీకేయకండమ్మా, ఫొటో తీసి వెంటనే పోలీసుల్ని పిలవండి.

– ఒక సీసీ కెమెరా మెకానిక్, బెంగళూరు